ఏడో నంబరు బస్సు బాణీ

ఆ మంగళవారం ఉదయం అతని అరచేతిలో పద్నాలుగు పళ్ళున్నాయి. ఒక్కటీ అతనిది కాదు.

పళ్ళాసుపత్రి వెనక గదిలో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఒక్కో పన్నూ తీసి గులాబిరంగు మైనంలో నిలబెడుతున్నాడు. ఎదుట గోడకి ఒక పాత ఫొటో అంటించి ఉంది. ఖాకీ చొక్కా, భుజాన తోలుసంచి, నోరారా నవ్వుతున్న ముప్పై ఏళ్ళ బస్సు కండక్టరు. ఆ నవ్వులో పై వరస ముందు పళ్ళు రెండూ కాస్త ముందుకొచ్చి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టుంటాయి. ఏడో నంబరు బస్సులో పనిచేసిన ఆ కండక్టరుకి ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు, నోట్లో ఒక్క పన్నూ లేదు. "పెట్టిస్తే మళ్ళీ ఇవే పెట్టించండి, కొత్తవి నాకొద్దు" అని ఫొటో ఇచ్చి వెళ్ళాడు.

ఉన్నదాన్ని ఉన్నట్టు దింపడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పగలు పళ్ళ సెట్లు చేస్తాడు. సాయంత్రాలు, ఎక్కడైనా ఫంక్షనుంటే, ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. ఏ సినిమా పాటైనా ఒక్కసారి వింటే చాలు, మర్నాటికి అచ్చు గుద్దినట్టు వేళ్ళలోంచి వచ్చేస్తుంది. రికార్డింగులో వయొలిన్ వాయించినాయన ఎక్కడైనా రవ్వంత తడబడి ఉంటే, ఆ తడబాటు కూడా వస్తుంది. అందుకే ఆర్కెస్ట్రా లీడరు అతనికి 'జిరాక్స్' అని పేరు పెట్టాడు. లీడరు అతని భార్యకి స్వయానా అన్నయ్య. అన్నయ్య పెట్టిన పేరు చెల్లెలి నోటికీ, అక్కణ్ణుంచి వీధికీ, చివరికి కరెంటు బిల్లు ఇచ్చే మనిషికీ ఎక్కింది. పాతికేళ్ళుగా అతను ఆ పేరుకి గర్వంగానే పలికాడు.

కిందటి శుక్రవారం దాకా.

ఊళ్ళో కొత్తగా ఒక చిన్న రేడియో పెడుతున్నారు. పొద్దున్నే జనం పనులకి బయల్దేరే వేళ వచ్చే కార్యక్రమానికి ముందు వెయ్యడానికి చిన్న బాణీ ఒకటి కావాలన్నారు. ఒకటే షరతు: అది ఇంతకుముందు ఎక్కడా ఎవరూ విననిదై ఉండాలి. లీడరు ముందూ వెనకా చూడకుండా ఒప్పేసుకున్నాడు. "మా బావ బుర్రలో రెండు వేల పాటలున్నాయి మేడమ్, అందులోంచి ఒకటి తీస్తాడు" అన్నాడు. ఆ మాటలో ఉన్న తిరకాసు అప్పుడు ఎవరికీ తట్టలేదు.

జిరాక్స్ మూడు రోజులు కూర్చుని ఒక బాణీ కట్టాడు. కళ్ళు మూసుకుంటే దానంతటదే వచ్చింది. ఇంత తేలికా, ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు అనుకున్నాడు. శుక్రవారం మూడో అంతస్తులో, గోడలకి ఇంకా సున్నం వాసన పోని గదిలో, రేడియో మేడమ్ ముందు వాయించాడు. మొదటి వరస అయ్యీ అవకముందే తలుపు దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ రెండో వరస అందుకున్నాడు. మాటలతో సహా పాడాడు. గొంతు కూడా బాగుంది.

గదిలో అందరూ నవ్వారు. మేడమ్ కూడా ఆపుకోలేకపోయింది. "మీకు ఆ పేరు ఊరికే రాలేదన్నమాట" అంది, చెడ్డ ఉద్దేశంతో కాదు. "వచ్చే శుక్రవారం దాకా చూద్దాం. కుదరకపోతే కంప్యూటర్లో దొరికేదేదో పెట్టేసుకుంటాం, ఏమీ అనుకోకండి."

మెట్లు దిగుతూ లీడరు భుజం తట్టాడు. "పోనీలే బావా. కనిపెట్టేవాళ్ళ జాతి వేరు, వాయించేవాళ్ళ జాతి వేరు. మనకెందుకీ గోల? వంట రానివాడు వడ్డించకూడదని ఎక్కడుంది?"

ఓదార్పుగా అన్న మాటే. కానీ జిరాక్స్‌కి తల కొట్టేసినట్టయింది. బుర్రలో రెండు వేల బాణీలున్నాయి, ఒక్కటీ తనది కాదు. ఒక్కటి. తనది అని చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి కావాలి. ఈ శుక్రవారం లోపల అది రాకపోతే ఇక రాదని అతనికి తెలుసు. యాభై రెండేళ్ళ పళ్ళ మాస్టారుని మళ్ళీ ఎవరు పిలిచి అడుగుతారు?

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో మాత్రం భార్య పట్టేస్తుంది. ఆమె ఇరవై రెండేళ్ళు సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక పనిచేసింది. ఆ గది తెర వెనక గోడకి ఆనుకుని ఉండేది. రోజుకి నాలుగు ఆటల చొప్పున ప్రతి పాటా ఆ గోడలోంచి ఆమె చెవిలో పడింది. బొమ్మ మాత్రం చూడలేదు. ఏ సినిమాలో ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారో ఆమెకి తెలియదు; ఏ పాట తర్వాత ఏ పాటో మాత్రం అడిగితే నిద్రలో కూడా చెప్తుంది. హాలు ఇప్పుడు టైర్ల గోడౌనయింది. పాటలు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయాయి.

అందుకని శనివారం సాయంత్రం ఒక పద్ధతి పెట్టుకున్నారు. అతను ముందుగదిలో వాయించాలి. ఆమె వంటింట్లో తన పని తను చేసుకోవాలి. బాణీలో రాబోయేది ఆమె ముందే అందుకుంటే అది ఎవరిదో అన్నమాట.

మొదటిది వాయించాడు. రెండో వరస దగ్గర వంటింట్లోంచి కూనిరాగం వచ్చి, అతని వేళ్ళకన్నా ముందెళ్ళి వీధి చివర నిలబడింది.

"ఇది ఇంటర్వెల్‌కి ముందొచ్చేదండీ. ఇది రాగానే నేను తర్వాతి ఆట టికెట్ల కట్ట విప్పేదాన్ని."

రెండోది వాయించాడు. అదీ అంతే. మూడోదానికి ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే పల్లవి పాడి, చరణంలోకి వెళ్ళిపోయింది.

"కాస్త తెలియనట్టు ఉండొచ్చు కదా!" అన్నాడు విసుగ్గా.

"నేనేం చెయ్యనండీ? పాట తలుపు తోసుకుని వస్తుంటే."

ఆదివారం ఒక ఎత్తు వేశాడు. ఒక పాటని చివర్నుంచి మొదటికి తిరగేసి వాయించాడు. వంటిల్లు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. అతని ప్రాణం లేచొచ్చింది.

"చొక్కా తిరగేసి తొడుక్కుంటే మనిషి మారిపోతాడా ఏంటి?" అని వినిపించింది లోపల్నుంచి.

సోమవారం కసిగా, ఏ వేలు ఎక్కడ పడితే అక్కడ వేసి ఒకటి వాయించాడు. ఈసారి ఆమె గరిటెతో సహా గడప దగ్గరికొచ్చి నిలబడింది. "ఇది మాత్రం ఏ సినిమాలోనూ లేదు" అంది. అతని మొహం వెలిగింది. "ఉండబోదు కూడా. పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది."

"మరి నన్నేం చెయ్యమంటావే!"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పాతికేళ్ళ కాపురంలో అతను ఇంత బెంగపడటం ఆమె చూడలేదు. పిల్లలు పుట్టలేదన్నప్పుడు కూడా ఇద్దరూ కలిసి నవ్వుతూనే లాక్కొచ్చారు. "ఇదిగో, వినండి" అంది మెల్లిగా. "నేను ముందే పాడగలిగితే అది దొంగసొత్తు. మీరు ఆపేశాక కూడా పాడలేకపోతే అది సొత్తే కాదు. ఆ రెంటికీ మధ్య ఏదో ఒకటి ఉండకపోదు. నేను ఇక్కడే ఉంటాను, మీరు వాయిస్తూ ఉండండి."

ఆ మధ్య ఉన్నదేంటో తెలియకుండానే మంగళవారం వచ్చింది, పద్నాలుగు పళ్ళతో.

పదకొండింటికి కండక్టరు వచ్చాడు. పళ్ళింకా మైనంలోనే ఉన్నాయి, ఇది వేసి చూసుకునే రోజు. సరిపోయిందంటే తర్వాత గట్టి సెట్టు పోస్తారు. డాక్టరమ్మ జిరాక్స్‌ని కూడా ముందుగదిలోకి పిలిచింది. ముసలాయన కుర్చీలో ఒదిగి కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం అలవాటైపోయి, ఆ చెయ్యి దింపడమే మర్చిపోయాడు.

డాక్టరమ్మ సెట్టు పెట్టి, "ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి" అంది. లెక్కపెట్టాడు. ఎక్కడా తేడా లేదు.

"ఇంకేమైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడనమ్మా? ఇంట్లో నేను మాట్లాడితే ఎవరికీ అర్థం కాదు. మనవరాలు టీవీ సౌండు పెంచుతుంది."

ఆ మాటలు చేతి చాటునే అన్నాడు. జిరాక్స్‌కి ఎందుకో గోడ మీది ఫొటో గుర్తొచ్చింది. "బాబాయ్, మీ స్టాపులు పిలవండి" అన్నాడు.

"ఏంటీ?"

"బస్సులో పిలిచేవారు కదా. అలాగే."

"ఇక్కడా? నలుగురూ నవ్వుతారయ్యా."

"నవ్వితే మంచిదే కదా, పళ్ళాసుపత్రికి" అంది డాక్టరమ్మ.

ముసలాయన వరండా వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. పైన వేలాడే దీపం కడ్డీ చేతికి తగిలింది. బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు. అంతే, చెయ్యి నోటి మీదనుంచి దిగిపోయింది. వీపు నిటారైంది.

"మార్కే... ట్! మార్కెట్ మార్కెట్ మార్కెట్! బుట్టలవాళ్ళు వెనక నుంచి! స్కూలు... స్కూలు... దిగారా, దిగారా... రైట్! రైలు గేటు, గేటు, గేటు! గేటువాళ్ళు ముందుకి రండమ్మా!"

బయట వరండాలో తన వంతు కోసం కూర్చున్న ఒకావిడ సంచీ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, తనెక్కడుందో గుర్తొచ్చి, సిగ్గుపడి మళ్ళీ కూర్చుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ముసలాయనకి హుషారొచ్చి, ఉన్నట్టుండి గొంతు దించి, "పెద్దాసుపత్రి" అన్నాడు. 'సు' దగ్గర, ఇందాక కేకల్లో బయటపడని గాలి పళ్ళ సందులోంచి ఈలయిపోయింది.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి చూసింది. "మాస్టారూ, ఫొటో చూసి చేశారా?"

"అచ్చంగా అలాగే చేశాను మేడమ్."

"అదే వచ్చిన చిక్కు. ఫొటోలో దవడకి ముప్పై ఏళ్ళు. ఈయన దవడకి డెబ్బై నాలుగు. అది వెనక్కి వెళ్ళిపోయింది, పళ్ళేమో అక్కడే ఉండిపోయాయి." కోపంగా కాదు, ఉన్నమాటే చెప్పింది. "ముందు పళ్ళు రెండూ సర్దండి. ఈయన నోటిని చూస్తూ సర్దండి, ఫొటోని కాదు."

వారంలో ఇది రెండో దెబ్బ. కానీ ఈ దెబ్బకి మందు చేతిలోనే ఉంది గనక అతను పనిలో పడ్డాడు. ముసలాయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి తన బల్ల పక్కనే స్టూలు వేశాడు. చిన్న దీపం మీద చాకు మొన వేడిచేసి, మైనం మెత్తబడగానే పన్నుని వెంట్రుకవాసి వెనక్కి జరిపి, చన్నీళ్ళలో ముంచి ఇస్తాడు.

"అనండి బాబాయ్."

"పెద్దాసుపత్రి." ఈల.

మళ్ళీ తీసి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ ఇచ్చాడు. "పెద్దాసుపత్రి." ఈల సన్నబడింది. ఇంకోసారి. అలా ఆ గదిలో ఆ ఒక్క మాట ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. వినగా వినగా అతని చెవి ఈలని వదిలేసి వేరేదాన్ని పట్టుకుంది. మిగతా స్టాపులన్నీ ముసలాయన పైకెత్తి పిలిచాడు. ఇదొక్కటే ప్రతిసారీ ఒక మెట్టు దిగి, పక్కవాడి చెవిలో చెప్పినట్టు అంటున్నాడు.

"ఇదొక్కటీ ఎందుకు బాబాయ్ తగ్గించి అంటారు?"

"ఆసుపత్రి దగ్గర దిగేవాళ్ళు ఎలా ఉంటారు నాయనా? క్యారేజీ పట్టుకుని, నిద్రలేక, ఏ కబురు వినాలో అని. వాళ్ళ నెత్తి మీద అరుస్తామా? అందుకని దగ్గరికెళ్ళి చెప్పేవాణ్ణి. అదే అలవాటైపోయింది."

"మరి స్కూలు దగ్గర మధ్యలో ఆగుతారు?"

"పిల్లలు దిగాలిగా! అందరూ దిగింది చూసుకుని గానీ రైట్ చెప్పను. ఒక్కో బుడంకాయ దిగి మళ్ళీ ఎక్కేది, పెన్సిలు మర్చిపోయాననీ, చెప్పు మర్చిపోయాననీ." ముసలాయన పళ్ళు కనిపించేలా నవ్వాడు. "ఇప్పుడు బస్సులో ఏదో మిషను చెప్తోందటగా. ఆసుపత్రీ ఒకటే, మార్కెట్టూ ఒకటే దానికి."

జిరాక్స్ పన్ను సర్దుతున్నాడు. తనకి తెలియకుండానే నోట్లో కూనిరాగం తీస్తున్నాడు. మార్కెట్ పైకి, స్కూలు దగ్గర ఆగి, ఆసుపత్రి కిందికి.

"ఏంటి నాయనా, నన్ను వెక్కిరిస్తున్నావా?"

అతని చేతిలో చాకు ఆగిపోయింది. "లేదు బాబాయ్" అన్నాడు. రేడియో సంగతీ, వాచ్‌మన్ పాడిన సంగతీ, భార్య పరీక్షలూ, అన్నీ చెప్పేశాడు. ఆర్కెస్ట్రాలో పాతికేళ్ళుగా పక్కన కూర్చునేవాళ్ళకి కూడా చెప్పుకోలేనివి మైనం వాసనలో ఒక పళ్ళులేని మనిషికి చెప్పడం సులువైంది. చివర్లో అడిగాడు. "మీ పిలుపులు నేను వాయించుకోవచ్చా?"

"అవేమైనా నా తాత సొమ్మా? వాయించుకో" అన్నాడు ముసలాయన. తర్వాత "పెద్దాసుపత్రి" అన్నాడు. ఈల లేదు.

ఆ సాయంత్రం అతను చెప్పులు కూడా వదలకుండా కీబోర్డు ముందు కూర్చున్నాడు. మార్కెట్, స్కూలు, గేటు, ఆసుపత్రి. వాయించింది వాయించినట్టు ముసలాయన గొంతే. వంటింట్లోంచి కూనిరాగం రాలేదు. 

భార్య గడప దగ్గరికొచ్చింది. "ఇది నాకు తెలీదు" అంది. "ఏ సినిమా?"

"సినిమా కాదు. ఏడో నంబరు బస్సు."

సంగతంతా విన్నాక ఆమె మళ్ళీ వాయించమంది. కళ్ళు మూసుకుని వింది. హాల్లో గోడకి చెవిపెట్టి విన్నప్పటి మొహం అది. "బాగున్నాయి. ఒక్కో ముక్కా ముద్దొస్తోంది. కానీ..."

"చెప్పు."

"బస్టాండులో నిలబడ్డట్టుందండీ. అన్ని స్టాపులూ ఒకేచోట ఉన్నాయి. బస్సే కదలట్లేదు."

అతనికి ముందు చిరాకేసింది. తర్వాత నవ్వొచ్చింది. నిజమే. నాలుగు పిలుపులు పక్కపక్కన పెట్టాడంతే, పళ్ళెంలో నాలుగు పళ్ళు పోసినట్టు. ఇదీ జిరాక్సే. కాకపోతే ఈసారి పాటకి బదులు మనిషిని దింపాడు.

బుధవారం పొద్దున పనికి వెళ్ళేముందు అతను ఏడో నంబరు బస్సెక్కాడు. చివరి స్టాపు దాకా టికెట్ తీసుకుంటే డ్రైవరు వింతగా చూశాడు. ఆ వేళకి ఆ చివర ఎవరికీ పనుండదు. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ దారిలో వెళ్తూనే ఉన్నాడు గానీ, చెవిలో ఎప్పుడూ ఏదో ఒక పాట ఉండేది, సాయంత్రానికి నేర్చుకోవాల్సింది. దారి చప్పుడు ఎలా ఉంటుందో వినడం ఇదే మొదటిసారి.

మార్కెట్ దాటాక వరసగా మూడు స్పీడుబ్రేకర్లు. బస్సు మూడుసార్లు ఎగిరింది, వెనక సీట్లో ఎవరి క్యారేజీయో మూడుసార్లు గలగలమంది. స్కూలు తర్వాత రోడ్డు పల్లానికి దిగింది. డ్రైవరు ఇంజనుకి పని తగ్గించి వదిలేస్తే బస్సు దానంతటదే సన్నగా మూలుగుతూ జారింది. గేటు వేసి ఉంది. అందరూ ఆగారు. ఆగినప్పుడు బస్సంతా ఒంట్లో వణుకులాగా అదిరింది. రైలెళ్ళింది. ఆ తర్వాత పొడుగాటి వంతెన. వంతెన మీద ఎవరూ మాట్లాడలేదు, గాలి ఒక్కటే లోపలికొచ్చి అందరి మొహాలూ చూసి వెళ్ళింది. వంతెన దిగితే పెద్దాసుపత్రి. మిషను గొంతు ఆ పేరు చెప్పింది, మార్కెట్‌ని చెప్పినట్టే. క్యారేజీ పట్టుకున్న మనిషొకడు దిగాడు.

ఆ మనిషి నడిచెళ్ళిపోవడం చూస్తూ ఉండగా అతనికి తెలిసింది. స్టాపులు కండక్టరువి. మధ్యలో ఉన్న రోడ్డు ఎవరిదీ కాదు. దాన్ని ఇంతవరకూ ఎవరూ వాయించలేదు. అది తను వెయ్యాల్సిందే.

ఆ రోజంతా పళ్ళు చేస్తూనే రోడ్డు వేసుకున్నాడు. గట్టి సెట్టు పోసి, గీకి, నున్నగా మెరుగుపెట్టే చక్రం కింద తిప్పుతుంటే, చక్రం మోత కూడా వంతెన మీది గాలిలాగే వినిపించింది. మూడు స్పీడుబ్రేకర్లకి మూడు చిన్న గెంతులు. పల్లానికి ఒక జారుడు. గేటు దగ్గర ఒకే స్వరం మీద నిలబడి అదరడం. వంతెనకి ఏం చెయ్యాలో సాయంత్రం దాకా తెలియలేదు. పొడుగ్గా వాయిస్తే పాత విషాద గీతంలా ఉంది, ఆపేస్తే బస్సు చెడిపోయినట్టుంది. చివరికి వేళ్ళు రెండే ఉంచి, ఎడం చెయ్యి మొత్తం తీసేశాడు. అప్పుడు వంతెన కింద నీళ్ళు కనిపించాయి.

వంటింట్లో భార్య కంచాలు తుడుస్తోంది. అతను మొదలుపెట్టాడు. మార్కెట్ దాకా ఆమెకి తెలుసు. స్పీడుబ్రేకర్ల దగ్గర ఆమె కూనిరాగం ముందుకెళ్ళబోయి తప్పటడుగు వేసింది. మళ్ళీ పట్టుకోబోయింది, పల్లంలో జారిపోయింది. గేటు దగ్గర ఆగిపోయింది. వంతెన మీదికొచ్చేసరికి కంచాల చప్పుడు కూడా లేదు. ఆసుపత్రి దగ్గర ఆ చిన్న గొంతు దిగగానే, తడిచేతులతోనే ముందుగదిలోకొచ్చి నిలబడింది.

"ఇంకోసారి" అంది.

రెండోసారి అయ్యాక ఇంకోసారి అన్నట్టు తల ఊపింది. మూడోసారి వాయించాక మళ్ళీ వంటింట్లోకెళ్ళి పనిలో పడింది. అతను కీబోర్డు కట్టేసి, ఏమంటుందో అని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కుళాయి నీళ్ళ చప్పుడులోంచి మెల్లిగా వినిపించింది: గెంతులు, జారుడు, గేటు, వంతెన. ఆమె వెనక వెనకే నడిచి పాడుతోంది. ఒక్కచోట కూడా తప్పిపోలేదు.

అతను లేచెళ్ళి ఆమె పక్కన నిలబడి కంచాలు తుడవడం మొదలుపెట్టాడు. థాంక్స్ చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. "ఇరవై రెండేళ్ళు గోడ పక్కన కూర్చున్నావు. పాపం, ఒక్క సినిమా కూడా చూడలేదు అనుకునేవాణ్ణి" అన్నాడు. "నువ్వు గనక బొమ్మ చూసుంటే ఇంత బాగా విని ఉండేదానివి కాదు. నేను ఇప్పటికీ ఆ వాచ్‌మన్ పాటే వాయిస్తూ ఉండేవాణ్ణి."

"ఆ కంచం రెండుసార్లు తుడిచారు" అంది ఆమె. 

గురువారం కండక్టరు గట్టి సెట్టు పెట్టించుకోవడానికి వచ్చాడు. మెత్తగా అన్నం తినమనీ, రెండు మూడు రోజులు నొప్పి ఉంటుందనీ డాక్టరమ్మ చెప్పాల్సినవి చెప్పింది. తర్వాత జిరాక్స్ ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి ఫోన్‌లో బాణీ వినిపించాడు. ముసలాయన తల వంచుకుని విన్నాడు. మార్కెట్‌కి కాలు కదిపాడు. గేటు దగ్గర కిటికీలోంచి బయటికి చూశాడు, రైలొస్తుందేమో అన్నట్టు. అయిపోయాక ఫోన్ వైపు వేలు చూపించాడు.

"ఆసుపత్రి ఇంకా తగ్గించు" అన్నాడు. "నువ్వు పక్కసీటు దాకా వినపడేలా చెప్తున్నావు. నేను ఆ మనిషికే చెప్పేవాణ్ణి."

"తగ్గిస్తాను బాబాయ్. కానీ ఒక మాట. దీన్ని నాది అని చెప్పుకోవచ్చా? నలిగిపోతున్నాను. సగం మీదే కదా."

ముసలాయన కొత్త పళ్ళతో నవ్వాడు. ఫొటోలోని నవ్వు కాదది, డెబ్బై నాలుగేళ్ళ నోటికి కుదిరిన నవ్వు. "నేను ముప్పై ఏళ్ళు జనాన్ని దించాను నాయనా. నువ్వు ఎక్కించుకుంటున్నావు. రెండూ ఒకటెలా అవుతాయి? అయినా, రెండేళ్ళ తర్వాత నా మాట ఎవరో కూర్చుని విన్నారు. ఇంకా నీకు నేనే ఇవ్వాలి."

ఒకరికొకరు దండం పెట్టుకోబోయి, ఇద్దరికీ సిగ్గేసి, చివరికి చేతులు పట్టుకున్నారు. జిరాక్స్ వేళ్ళకి ఇంకా మెరుగుపెట్టిన పొడి అంటుకునే ఉంది.

శుక్రవారం మూడో అంతస్తు. ఈసారి భార్య కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. వాచ్‌మన్ తలుపు దగ్గరే ఉన్నాడు, టీ గ్లాసుతో సహా. జిరాక్స్ మొదలుపెట్టాడు. మొదటి వరస అయింది. అందరూ తలుపు వైపు చూశారు. వాచ్‌మన్ నోరు తెరిచాడు, మూశాడు. స్పీడుబ్రేకర్లు వెళ్ళాయి. గేటు వెళ్ళింది. వంతెన మీద గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆసుపత్రి స్టాపుని అతను ఒక్క మనిషికే చెప్పాడు.

ఎవరూ ఏమీ అనలేదు. లీడరు మొహం పాలిపోయింది. ఫంక్షన్లలో నిశ్శబ్దం అంటే ఏంటో అతనికి తెలుసు. వంగి బావ చెవిలో, "కొంప మునిగింది బావా, ఒక్కరూ గుర్తుపట్టలేదు!" అన్నాడు.

"అవును బావా" అన్నాడు జిరాక్స్. "ఒక్కరూ గుర్తుపట్టలేదు." ఆ మాట అంటూ పొంగిపోతున్న అతని మొహం చూసి లీడరుకి ఏమీ అర్థం కాలేదు.

రేడియో మేడమ్ మళ్ళీ వాయించమంది, ఇంకోసారి కూడా వాయించమంది. "ఇందులో ఎక్కడికో వెళ్తున్నట్టుంది. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళకి సరిపోతుంది" అని, కాగితం తీసింది. "బాణీ ఎవరిదని చెప్పమంటారు?"

"జిరాక్స్ అని చెప్పండి మేడమ్, ఊరంతా గుర్తుపడుతుంది" అన్నాడు లీడరు ఉత్సాహంగా.

"వద్దు" అన్నాడు జిరాక్స్. గొంతు సవరించుకుని తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాడు.

లీడరు అటూ ఇటూ చూశాడు. "ఆయనెవరు బావా?"

గది గొల్లుమంది. పాతికేళ్ళుగా ఇంటి అల్లుడి పేరే మర్చిపోయిన అన్నయ్యని చెల్లెలు అక్కడే చెడామడా దులిపేసింది. నవ్వులు సద్దుమణిగాక జిరాక్స్, "పిలుపులు ఏడో నంబరు కండక్టరువని కూడా చెప్పాలి. ఆయన పేరు ముందు, నాది తర్వాత" అన్నాడు. మేడమ్ అలాగే రాసుకుంది.

మెట్లు దిగుతుంటే పైనుంచి కూనిరాగం వినిపించింది. వాచ్‌మన్ గ్లాసులు తీసుకుంటూ పాడుతున్నాడు. ఈసారి మాటల్లేవు, గెంతులు, జారుడు, గేటు. భార్యాభర్తలిద్దరూ మెట్ల మలుపులో ఆగి, వంతెన దాటేదాకా విన్నారు. లీడరు కిందనుంచి "బస్సు వచ్చేసింది, రండి!" అని కేకేస్తూనే ఉన్నాడు.

ఆ బాణీ ఇప్పుడు రోజూ పొద్దున ఆరున్నరకి వస్తుంది. కండక్టరు ఇంట్లో ఆ వేళకి మనవరాలే రేడియో సౌండు పెంచుతోందట. చిగురు ఒకచోట ఒరుసుకుంటోందని ఆయన సోమవారం ఆసుపత్రికి కబురు పెట్టాడు. గురువారం వస్తానన్నాడు. పనిలో పనిగా, తను మొదట్లో చేసిన పదకొండో నంబరు రూటు కూడా వినిపిస్తానన్నాడు. అందులో పదిహేడు స్టాపులున్నాయి.